ఇసుక వెళ్లే దారిలో మనమూ నడిస్తే

తీర నగరాన్ని కాలినడకన చూడాలని బయలుదేరినవారు చాలామంది నేరుగా ఇసుక మీదికే వెళతారు. ముందు కొండ ఎక్కమని నా సలహా. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండ ఉన్న నగరమైతే, దాని బీచ్ సరిగ్గా అక్కడే ఎందుకు ఏర్పడిందో తెలుసుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. కొండ దారి, బీచ్, పార్కు మ్యాపులో మూడు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. ఒకే రోజు మూడింటినీ నడిచి దాటితే, ఒకటి లేకుండా మరొకటి లేదని అర్థమవుతుంది.

కొండ దారికి ఎంత సమయం పడుతుందో లెక్కించడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. అంటే 3 కిలోమీటర్ల దారిలో 150 మీటర్లు ఎక్కాలంటే సుమారు 50 నిమిషాలు. పైకి చేరాక మొదట మారేది దిగంతం. ఒడ్డున నిలబడినప్పుడు అది దాదాపు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 100 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సుమారు 36 కిలోమీటర్లకు జరుగుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్లే ఈ తేడా. 11వ శతాబ్దంలో మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ ఈ సంబంధాన్నే తిరగేసి వాడుకున్నాడు. నేటి పాకిస్తాన్‌లోని నందన కోట దగ్గర కొండ ఎత్తును, శిఖరం నుంచి దిగంతం ఎంత కోణంలో కిందికి కనిపిస్తుందో ఆ కోణాన్ని కొలిచి, భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టాడు. అక్కడ సముద్రం కూడా లేదు, ఎదురుగా ఉన్నది చదునైన మైదానమే.

దిగంతం నుంచి చూపు దించి అలల వరుసలను గమనించండి. నడిసంద్రంలో తిన్నగా సాగే అలలు కొండ దగ్గరికి వచ్చేసరికి వంగుతాయి. లోతు తగ్గేకొద్దీ అల వేగం తగ్గుతుంది. కొండ కొన ముందర నీరు తక్కువ లోతులో ఉంటుంది కాబట్టి అక్కడికి చేరిన భాగం ముందుగా నెమ్మదిస్తుంది, పక్కనున్న భాగం వేగంగానే ముందుకు పోతుంది. దాంతో అల మొత్తం కొండను చుట్టుకున్నట్టు వంగి, తన శక్తిని దాని మీదే కుమ్మరిస్తుంది. రెండు కొండల నడుమనున్న వంపులో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. అక్కడ అల శక్తి పలచగా పరుచుకుంటుంది. అందుకే కొనల దగ్గర రాళ్లు బయటపడి ఉంటాయి, వంపులో ఇసుక చేరుతుంది. మీరు తర్వాత నడవబోయే బీచ్‌కు చోటు చూపించింది ఈ వంగిన అలలే.

కొండ దిగేముందు మరొకటి చూడాలి. అది ప్రాణాలకు సంబంధించిన విషయం. అలలు తెల్లగా విరిగే వరుసలో అక్కడక్కడా నురగ లేని ముదురు రంగు చారలు ఉంటాయి. ఒడ్డున నిలబడినవారికి అవే ప్రశాంతంగా, స్నానానికి అనువుగా కనిపిస్తాయి. నిజానికి అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారులవి. వీటిని రిప్ కరెంట్లు అంటారు. వీటి వేగం కొన్నిసార్లు సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతగాళ్ల వేగం దాదాపు అంతే. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు మళ్లాలి. పైనుంచి ఆ చారలను గుర్తుపట్టడం నేర్చుకున్నవారు కింద నిలబడి కూడా వాటిని పోల్చుకోగలుగుతారు.

ఇక ఇసుక. పొడి ఇసుకలో నడక ఎందుకంత అలుపు తెప్పిస్తుందో బెల్జియంలో లెజ్యూన్, విల్లెమ్స్, హెగ్లండ్ అనే పరిశోధకులు కొలిచి 1998లో ప్రచురించారు. గట్టి నేల మీద నడకతో పోలిస్తే ఇసుకలో నడవడానికి 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చవుతుంది. అడుగు వేసినప్పుడల్లా కాలు ఇసుకను పక్కకు నెట్టడానికి కొంత శ్రమ పోతుంది. జారే నేల మీద కండరాలు కూడా తమ సామర్థ్యం మేరకు పనిచేయలేవు. కాబట్టి దూరం నడవాలనుకుంటే అలలు వచ్చి తడిపి వెళ్లిన పట్టీని ఎంచుకోవాలి. అక్కడ రేణువుల మధ్య నిలిచిన కొద్దిపాటి నీరు తన తలతన్యతతో వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. నీరు మరీ ఎక్కువై రేణువులను విడదీస్తే ఆ పట్టు పోతుంది.

ఆ తడి పట్టీ మీద నడుస్తూ పాదం చుట్టూ చూడండి. అడుగు పడగానే ఇసుక ఒక్క క్షణం ఆరిపోయినట్టు తెల్లబడుతుంది. తడి ఇసుకను నొక్కితే నీరు పైకి రావాలి కదా, లోపలికి ఎందుకు పోతోంది? బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1885లో దీనికి కారణం చెప్పాడు. అలలు కుదిపి కుదిపి ఇసుకను వీలైనంత దగ్గరగా పేరుస్తాయి. పాదం నొక్కినప్పుడు రేణువులు జరగాలంటే ఒకదాని మీదికి మరొకటి ఎక్కాలి. దాంతో వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి దిగుతుంది. కాలు తీసిన కాసేపటికి గుంటలో నీరు ఊరుతుంది. ఏ పరికరమూ అక్కర్లేని ఇంత చక్కటి ప్రయోగం మరెక్కడా దొరకదని నేను నమ్ముతాను. పిల్లలను వెంట తీసుకువెళ్లినవారు దీన్ని తప్పక చూపించాలి.

ఆటుపోట్ల వేళలు ముందే తెలుసుకుని బయలుదేరడం మంచిది. చంద్రుడి గమనం వల్ల అవి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల దగ్గర నీరు ఎక్కువ దూరం వెనక్కి వెళుతుంది, ఎక్కువ దూరం పైకీ వస్తుంది. ఈ తేడా మధ్యధరా తీరంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. కెనడాలోని ఫండీ అఖాతంలో మాత్రం 16 మీటర్ల దాకా ఉంటుంది. కొండచరియ కిందుగా సాగే దారిలో వెళుతుంటే, నీరు పెరిగేలోపు తిరిగి రాగలమా లేదా అన్నది చూసుకుని తీరాలి.

కాళ్ల కింది ఇసుక కూడా స్థిరంగా ఉండదు. అల ఏటవాలుగా ఒడ్డుకు వస్తే రేణువు కూడా ఏటవాలుగా పైకి ఎక్కుతుంది. నీరు వెనక్కి పోయేటప్పుడు మాత్రం వాలు వెంట తిన్నగా దిగుతుంది. ఇలా రంపపు పళ్ల వంటి దారిలో ఎక్కుతూ దిగుతూ ఇసుక తీరం పొడవునా ప్రయాణిస్తుంది. ఈ ప్రయాణానికి అడ్డంగా రాతి గోడ కడితే ఒకవైపు ఇసుక పేరుకుంటుంది, రెండో వైపు తీరానికి రావలసిన ఇసుక అందదు. చెన్నై రేవు కట్టాక దానికి దక్షిణాన మెరీనా వెడల్పెక్కింది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైంది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 1920ల చివర రేవు గోడ కట్టినప్పుడూ ఇదే జరిగింది. గోడకు ఇటువైపు, అటువైపు ఒకసారి నడిచి చూస్తే ఈ తేడాను ఎవరూ వివరించనక్కర్లేదు. నెదర్లాండ్స్‌వారు ఈ ప్రయాణాన్ని అడ్డుకోకుండా పనిలో పెట్టుకున్నారు. హేగ్ నగరానికి దక్షిణాన 2011లో 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను ఒకేచోట పోసి, దాన్ని అలలు, గాలి మెల్లగా తీరం వెంట పంచేలా ఏర్పాటు చేశారు.

బీచ్ వెనకనున్న ఇసుక దిబ్బలను చాలా నగరాలు చదును చేసి పచ్చిక పరిచేశాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. దిబ్బ అంటే తీరం దాచుకున్న ఇసుక. తుఫాను వచ్చినప్పుడు అలలు ఆ ఇసుకను లాక్కుపోయి ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున తిన్నెగా పేరుస్తాయి. ఆ తిన్నె మీదే తర్వాతి అలలు ముందుగా విరిగి బలం కోల్పోతాయి. సముద్రం శాంతించాక చిన్న అలలు ఆ ఇసుకను తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. దిబ్బను నిలబెట్టేది దాని మీద పాకే తీగలు, గడ్డి. ఉష్ణమండల తీరాల్లో మేక గిట్ట ఆకారపు ఆకులు, ఊదా రంగు పూలు ఉన్న తీగ దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. దాని గింజలు సముద్రపు నీటి మీద తేలుతూ ఖండాలు దాటుతాయి. ఉప్పుకు, ఎండకు తట్టుకునే ఆ తీగ పదేపదే పడే అడుగులకు మాత్రం తట్టుకోలేదు. దిబ్బల మీద చెక్క బాట వేసి ఉంటే దాన్ని వదిలి పక్కకు దిగకండి.

దిబ్బ దాటి పార్కులోకి వచ్చాక చెట్ల ఆకారం చూడండి. సముద్రం వైపు కొమ్మలు పొట్టిగా, నేల వైపు కొమ్మలు పొడవుగా ఉంటే, ఉప్పు తుంపరలు మోసుకొచ్చే గాలి ఏళ్ల తరబడి ఒకే దిక్కు మొగ్గలను మాడ్చిందని అర్థం. పగటిపూట ఆ గాలి చాలావరకు సముద్రం నుంచే వస్తుంది. ఒకే బరువున్న నీటిని, పొడి ఇసుకను ఒకే మేరకు వేడెక్కించాలంటే నీటికి దాదాపు 5 రెట్లు వేడి కావాలి. పైగా ఎండ నీటిలో మీటర్ల లోతుకు దిగుతుంది, అలలు దాన్ని కలిపేస్తాయి. నేల మీద ఆ వేడి పైపొరకే పరిమితం. నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, సముద్రం మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. మధ్యాహ్నం దాటాక ఇది బలంగా వీస్తుంది. పార్కులో చెట్ల నీడ, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు ఆ చల్లదనాన్ని మరికాస్త పెంచుతాయి.

అయితే ఈ గాలి పార్కు దాటి ఊళ్లోకి చేరుతుందా అన్నది భవనాల మీద ఆధారపడి ఉంటుంది. హాంకాంగ్‌లో ఒడ్డు పొడవునా సందు లేకుండా లేచిన టవర్లు గాలిని ఎంతగా ఆపాయంటే, 2003లో సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి వ్యాపించిన తర్వాత, పెద్ద నిర్మాణాలకు గాలి ప్రసరణను ముందుగా అంచనా వేసే పద్ధతిని ప్రభుత్వం తెచ్చింది. మీ నడకలో దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఎండ బాగా కాసిన రోజు మూడు గంటల వేళ, తీరానికి సమాంతరంగా ఒక వీధి వెనక నడవండి. ఏ అడ్డవీధి మొదట్లో గాలి ఒంటికి తగులుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మ్యాపు మీద గుర్తుపెట్టుకోండి. ఆగిన చోట తలెత్తి సముద్రం వైపు ఏముందో చూడండి.