పేరుకి కొలత ఎప్పుడు పోయింది

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీని ఒక్క నిమిషం ఆగి చూడండి. పై వరసలో పెద్ద నాయకులో, అభిమాన హీరోనో ఉంటారు. మధ్యలో ఆ రోజు పుట్టిన మనిషి నిలువెత్తున చెయ్యి ఊపుతుంటాడు. అడుగున ‘శుభాకాంక్షలతో’ అని రాసి, దాని కింద కోడిగుడ్డు ఆకారపు గళ్లలో ఇరవయ్యో ముప్ఫయ్యో చిన్న ముఖాలు పేరుస్తారు. అవి చందా వేసుకున్నవాళ్ల ముఖాలు. ఎవరి ముఖం ఎవరి పక్కన రావాలో, ఎవరిది ఎంత పెద్దగా ఉండాలో డిజైన్ చేసే కుర్రాడి దగ్గర గంటసేపు తగువు నడుస్తుంది. ఇంతా చేసి ఆ నిలువెత్తు మనిషి చేసిన పని ఏమిటో ఆ గుడ్డ మీద ఒక్క ముక్క ఉండదు.

మన భాషలో ‘పేరు తెచ్చుకోవడం’ అంటాం. తెచ్చుకోవాలంటే ఎక్కడికో వెళ్లాలి, ఏదో చెయ్యాలి. ‘పేరున్న డాక్టరు’ అంటే ఆయన చేతి వాసి ఊరికి తెలుసని. ‘పేరుమోసిన దొంగ’ అన్నా వాడి పనితనం అందరికీ తెలుసనే. మంచికైనా చెడ్డకైనా పేరు వెనక పని ఉండాలని ఆ మాటలే చెబుతాయి. ‘సెలబ్రిటీ’కి మాత్రం తెలుగు మాట కుదరలేదు. పత్రికలు ‘ప్రముఖుడు’ అని సరిపెట్టుకున్నాయి గానీ దేనిలో ప్రముఖుడన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ఈ ప్రాంతంలో పేరు ఇచ్చే పని ఒకప్పుడు ఎవరు చేసేవారో చూడాలంటే విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు వెళ్లాలి. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడికి విద్యార్థిగా చేరడానికి వస్తే, ఆయన వాయులీనం విని దాసుగారు ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ద్వారం వారికి పాతికేళ్లు దాటాయంతే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ముందు విన్నారు, తర్వాత పేరిచ్చారు. విన్నవాడికి శ్రుతి తెలుసు, తాళం తెలుసు, ఎక్కడ తప్పు పోతుందో తెలుసు. ఘంటసాల ఇదే ఊళ్లో మధుకరం, అంటే ఇంటింటా అడిగిన అన్నం, ఎత్తుకుని తింటూ సంగీతం చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర గొంతు సాగదీసుకున్న ఆ ఏళ్లలో ఆయన ఫొటో ఏ పత్రికలోనూ పడలేదు. పాట ముందొచ్చింది, ఫొటో చాలా ఆలస్యంగా వచ్చింది.

అయితే ఆ రోజుల్లో అంతా న్యాయంగానే నడిచిందనుకుంటే పొరపాటు. పని లేని పేరుకి అసలైన పాత ఉదాహరణ కూడా విజయనగరం రాజుల పూసపాటి వంశంలోనే ఉంది. విజ్జీగా పిలిచే మహారాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు, సగటు 8.25. జట్టులో మేటి ఆటగాడైన లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఇంటికి పంపేశారు. ఆ పర్యటనలో ఉండగానే విజ్జీకి ‘సర్’ బిరుదు వచ్చింది. క్రికెట్‌కి ఆయన డబ్బు పెట్టిన మాట నిజం. 1930-31లో ఇంగ్లండు మేటి బ్యాటర్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను మన దేశానికి రప్పించి ఆడించింది ఆయనే. ఆ పోషకత్వానికి వేరే గౌరవం దక్కాల్సింది. దాన్ని ఆటగాడి పేరుగా మార్చేయడంతో ఒక మంచి జట్టు చెడింది. కొనుక్కున్న పేరు పక్కవాడి చోటుని తినేస్తుందని అప్పుడే తేలిపోయింది. ఒక్కటే తేడా, ఆ రోజుల్లో అలా కొనే స్తోమత జమీందార్లకే ఉండేది.

ఆ స్తోమత అందరి చేతికీ ఎలా వచ్చిందన్నదే ఈ సంగతి వెనకున్న అసలు చరిత్ర.

మొదటి మలుపు జిల్లా పేజీలు. 1974 ఆగస్టులో విశాఖపట్నం నుంచి ‘ఈనాడు’ వచ్చేదాకా ఉత్తరాంధ్ర పాఠకుడికి తన ప్రాంతం వార్త తెల్లారేసరికి చదివే వీలు పెద్దగా లేదు. 1989లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాయి, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఇది చిన్న మేలు కాదు. తాగునీటి బోరు చెడితే, బడికి మాస్టారు రాకపోతే రాసే చోటు దొరికింది. కానీ ఆ పేజీలు రోజూ నిండాలి. వాటిని నింపేది మండలానికొకరుగా ఉండే విలేకరి, పత్రికల భాషలో కంట్రిబ్యూటర్. అతనికి జీతం ఉండదు, ‘లైన్ అకౌంట్’ ఉంటుంది. అంటే అచ్చయిన వార్త పొడవుని బట్టి నెలకింత. పండగలకీ, పత్రిక వార్షికోత్సవానికీ ప్రకటనలు తేవాలన్న టార్గెట్ కూడా అతని మీదే ఉంటుంది. ప్రకటన ఇచ్చే స్తోమత మండలంలో పది పదిహేను మందికే ఉంటుంది. రేపు వాళ్ల గుమ్మం ఎక్కాల్సినవాడు ఇవాళ వాళ్ల పండ్ల పంపిణీ వార్తని కాదనలేడు. ఆసుపత్రి మంచం మీద ఒక రోగి, అతని చేతిలో ఒక బ్రెడ్డు పొట్లం, ఆ పొట్లాన్ని పట్టుకుని కెమెరా వైపు చూసే డజను మంది. ఆ ఫొటో పుట్టింది ఈ లెక్కలోంచి. తప్పు విలేకరిది అనడం తేలిక, కానీ జీతం ఇవ్వకుండా నిజాయితీ అడిగిన ఏర్పాటుది అసలు తప్పు. 2009 ఎన్నికల్లో ఇదే జబ్బు ‘పెయిడ్ న్యూస్’గా, అంటే డబ్బు తీసుకుని వార్తలా అచ్చేసే ప్రచారంగా బయటపడింది. మరుసటి ఏడాది ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం దీని మీద నివేదిక తయారుచేసింది.

రెండో మలుపు ఫ్లెక్సీ. అంతకు ముందు కటౌట్ వెయ్యాలంటే పెయింటర్ చిన్న ఫొటో మీద పెన్సిలుతో గళ్లు గీసి, అవే గళ్లని ప్లైవుడ్ మీద పెద్దవి చేసుకుని, ఒక్కో గడినీ చేత్తో నింపేవాడు. ఒక ముఖానికి రోజులు పట్టేది. అంత శ్రమ పెట్టించదగ్గ మనిషా కాదా అని ఎవరో ఒకరు ఆలోచించేవారు. ప్రింటింగ్ యంత్రం వచ్చాక చదరపు అడుగుకింత అని లెక్క. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు అంటే 80 చదరపు అడుగులు, పొద్దున ఇస్తే సాయంత్రానికి సర్వి బాదుల ఫ్రేముకి ఎక్కేస్తుంది. చాలా ముఖాలు అందులో అలికేసినట్టు ఎందుకుంటాయంటే, వాట్సాప్ కుదించి పంపే ఫొటో పొడవు సుమారు 1,600 పిక్సెళ్లు. దాన్ని పది అడుగులకి, అంటే 120 అంగుళాలకి లాగితే అంగుళానికి 13 చుక్కలే పడతాయి. గాలి పోవడానికి గుడ్డలో అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టాలి. ముఖం మీద కోత పడుతుందని అవి మానేస్తే ఈదురుగాలికి ఫ్రేము రోడ్డు మీదికి వస్తుంది. ఇనుప ఫ్రేము కరెంటు తీగకి తగిలితే ప్రాణాలే పోతాయి. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లాలో ఒక హీరో పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు అభిమానులు అలాగే చనిపోయారు. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినా కూడళ్లు ఖాళీ కాలేదు.

ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల వార్తా చానెళ్లు, వాటి వెనకే ఫోన్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్‌లో చనిపోతే ఒక తెలుగు చానెల్ విలేకరి స్నానాల తొట్టిలో పడుకుని చూపించాడు. ఆ రోజుల సంగతి అంతకంటే చెప్పనక్కర్లేదు.

వీటికి పక్కన పెట్టి చూడాల్సింది ఆమదాలవలస మండలం ఊసవానిపేట అమ్మాయి, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, కలిపి 240 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జర్క్ అంటే బరువుని ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి, రెండు విడతల్లో ఎత్తడం. స్నాచ్ అంటే నేల మీది బరువుని ఒకే ఊపులో తల పైకి తీసుకెళ్లడం. పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు, పైన మరో పది కిలోలు అనుకుంటే తెలుస్తుంది అదెంతో. స్వర్ణం 242.5 దగ్గర ఆగింది. క్లీన్ అండ్ జర్క్ చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 అడిగింది, అది లేవలేదు. కంచు వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ పతకంలో చందా లేదు, సిఫారసు లేదు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కంచు గెలిస్తే, మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. పరీక్ష పెట్టి, తప్పు దొరికితే దిద్దగల పేరు అది. ఫ్లెక్సీ మీది పేరుని ఏ పరీక్షకి పెడతాం?

ఈ మోజు వల్ల శ్రీకాకుళం జిల్లాకి నిజంగా ఏం పోయిందో ఉద్దానంలో కనబడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు అసాధారణంగా ఉందని 2000 దశకం మొదట్లోనే వైద్యులు గుర్తించారు. జిల్లా విలేకరులు ఏళ్ల తరబడి రాశారు. ఆ వార్తలు చాలావరకు జిల్లా పేజీ దాటలేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడాక కెమెరాలు దిగాయి, అదే ఏడాది హార్వర్డ్ వైద్యులూ వచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. ఒక నటుడు వచ్చినందువల్ల మేలే జరిగింది, అందులో సందేహం లేదు. మనసుకి పట్టుకునేది అంతకు ముందు గడిచిన పదిహేనేళ్లు.

పత్రికాఫీసు డెస్కులో వార్తలు దిద్దుతూ కూర్చున్నవాళ్లు చెయ్యగలిగింది ఒకటుంది. వార్తలోని పేరు కొట్టేసి మళ్లీ చదవడం. ‘ఫలానావారి జన్మదినం సందర్భంగా రోగులకు పండ్లు’లో పేరు తీస్తే ఏమీ మిగలదు. ‘డయాలసిస్ కేంద్రంలో యంత్రం ఆగింది, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు పడుకోవాల్సిన రోగులు రెండుసార్లతో తిరిగిపోతున్నారు’ అన్నదానిలో ఎవరి పేరూ లేదు. అయినా ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయి, నీటి శుద్ధి ప్లాంటు ఎప్పుడు చెడింది, టెక్నీషియన్లు ఎందరు, తొలి బస్సు ఎన్నింటికి అని ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగి రాయడానికి అందులో చోటుంది.