ఎంఈఓ కుర్చీ చిక్కు: ఆ 14 నెలల్లో ఏం జరిగింది?

తెలంగాణలో మండల విద్యాధికారుల (ఎంఈఓ) పోస్టుల గొడవ మళ్ళీ మొదలైంది. ప్రభుత్వ, జిల్లా పరిషత్ టీచర్లందరికీ ఒకే నిబంధనలు ఉండాలన్న ఏకీకృత సర్వీస్ రూల్స్ కథంతా టీచర్లకు తెలిసిందే. ఈనాటి పరిస్థితి అర్థం కావాలంటే మాత్రం 2017 జూన్ నుంచి 2018 ఆగస్టు దాకా ఏం జరిగిందో చూడాలి.

2017 జూన్‌లో ఈ రెండు వర్గాలను కలుపుతూ రాష్ట్రపతి ఉత్తర్వులు రాగానే జిల్లా పరిషత్ టీచర్లు పండగ చేసుకున్నారు. ప్రభుత్వ టీచర్లూ తామూ ఒకే కేడర్ అవుతామని, సీనియారిటీని బట్టి ఎంఈఓ, డిప్యూటీ ఈఓ (ఉప విద్యాధికారి) పోస్టులు దక్కుతాయని ఆశ. జీతం ఒకటే, పాఠ్యపుస్తకం ఒకటే, పదో తరగతి పరీక్షా ఒకటే అయినప్పుడు ప్రమోషన్ దగ్గరే తేడా ఎందుకన్నది వాళ్ళ ప్రశ్న. సంఖ్యలోనూ వాళ్ళే చాలా ఎక్కువ. ఏడాది దాటాక, 2018 ఆగస్టులో ఉమ్మడి హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది.

ఎంఈఓ, డిప్యూటీ ఈఓలవి ప్రభుత్వ సర్వీసు పోస్టులని, స్థానిక కేడర్లను నిర్ణయించిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం హక్కు తమదేనని ప్రభుత్వ టీచర్లు అంటారు. 1998 నాటి విలీన జీవోల మీద ఇదే వాదనతో 2015లో సుప్రీంకోర్టులో గెలిచారు కూడా.

2018 హైకోర్టు తీర్పు తర్వాత కూడా ఎంఈఓ అంటే చాలా మండలాల్లో ఇన్‌చార్జే. హైస్కూల్ హెడ్‌మాస్టరే మండలాన్నీ చూడాలి. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి తొలిమెట్టు పెట్టారు. మంచి కార్యక్రమం. కానీ అది నడవాలంటే ఎవరో ఒకరు బడికి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుని పాఠం వినాలి. అంత తీరిక ఇన్‌చార్జికి ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది మండలానికి రెండో ఎంఈఓగా 679 ఎంఈఓ-2 పోస్టులు సృష్టించి కొంత దారి చూపింది.

ఒక జడ్పీ హైస్కూల్లో హెచ్ఎం టేబుల్ మీద రెండు రబ్బరు స్టాంపులు చూశాను, ఒకటి బడిది, ఒకటి మండలానిది. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) నివేదిక మీద ఒక స్టాంపు వేసి పంపారు, రెండోది వేసి తనే అందుకున్నారు. ఈలోగా మండల మీటింగ్‌కు ఫోన్ వచ్చింది. ఆ పూట పదో తరగతికి ఆయన చెప్పాల్సిన ఇంగ్లిష్ పీరియడ్ జరగలేదు.