ఫోర్క్‌లిఫ్ట్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

"రెండున్నర టన్నుల బండి ఒకటి చూడండి" అంటూ మాట మొదలుపెడతారు ఫోర్క్‌లిఫ్ట్ కొనే చాలామంది. సరుకు ఎంత పొడవు, ఎంత ఎత్తుకు పెట్టాలి అని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

అపోహ: రెండున్నర టన్నుల బండి ఎక్కడైనా, ఏదైనా రెండున్నర టన్నులు ఎత్తేస్తుంది.

వాస్తవం: ఆ అంకెకు షరతులున్నాయి. ఈ సైజు బండ్లకు లోడ్ సెంటర్ సాధారణంగా 500 మి.మీ. అంటే, ఫోర్కులు (సరుకు కింద దూరే ఇనుప కొమ్ములు) మొదలయ్యే నిలువు భాగం నుంచి సరుకు బరువు కేంద్రం దాకా అర మీటరు. ఫోర్కుల వెంట 1.6 మీటర్ల పొడవు వచ్చే పెట్టెను ఎత్తారనుకోండి, ఆ దూరం 800 మి.మీ. అవుతుంది. అప్పుడు అదే బండి ఎత్తగలిగేది ఇంచుమించు 1,900 కిలోలే. ఫోర్కుల్ని పక్కకు జరిపే సైడ్ షిఫ్టరో, సరుకును పక్కల నుంచి పట్టుకునే క్లాంపో బిగిస్తే ఇంకాస్త తగ్గుతుంది. మాస్ట్ (ఫోర్కులు ఎక్కి దిగే నిలువు చట్రం) బాగా పైకి లేపినా అంతే. ఇవన్నీ బండి మీదున్న కెపాసిటీ ప్లేటులో ఉంటాయి. అటాచ్‌మెంట్ మారిస్తే ప్లేటు కూడా మారాలి. బరువు ఆగట్లేదని వెనకాల ఇద్దరు మనుషుల్ని ఎక్కించే తెలివితేటలు దయచేసి వద్దు.

అపోహ: గ్యాస్ బండికి పొగ రాదు, గోడౌన్ లోపల నిశ్చింతగా తిప్పొచ్చు.

వాస్తవం: ఎల్‌పీజీ ఇంజిన్ నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు కాబట్టే అసలు టెన్షన్. మూసి ఉన్న చోట బ్యాటరీ బండే మేలు. అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ విడుదలవుతుంది, ఆ గదికి గాలి బాగా ఆడాలి. ఎనిమిది గంటలు పనిచేశాక చార్జింగ్‌కి, చల్లబడటానికి దాదాపు రెండు షిఫ్టులు పోతాయి. మూడు షిఫ్టులూ నడిపేవాళ్లు అదనపు బ్యాటరీలు గానీ, లిథియం బ్యాటరీ గానీ చూసుకోవాలి.

అపోహ: ర్యాకుల మధ్య నడవ ఇరుకా? రీచ్ ట్రక్ (ఫోర్కుల్ని ముందుకు చాచి సరుకు అందుకునే బండి) కొనేయండి.

వాస్తవం: దానికి మూడు మీటర్ల లోపు నడవ కూడా సరిపోవచ్చు, నిజమే. కానీ దానివి చిన్న గట్టి చక్రాలు కాబట్టి నున్నటి నేల కావాలి. బయట గుంతల యార్డులో లారీ దించడానికి అది పనికిరాదు.

అపోహ: ఎంత ఎత్తుకు లేస్తుందో చూస్తే చాలు.

వాస్తవం: మాస్ట్ దించినప్పుడు బండి ఎత్తెంతో కూడా టేపుతో చూడండి, తలుపు కిందుగా దూరాలి కదా. కంటైనర్ లోపల పనుంటే ఫుల్ ఫ్రీ లిఫ్ట్ మాస్ట్ (తన ఎత్తు పెరగకుండానే ఫోర్కుల్ని బాగా పైకి లేపేది) అడగండి. మామూలు మాస్ట్ అయితే ఫోర్కులు కాస్త లేవగానే పైకప్పుకు తగులుతుంది.