పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపే పొర

"మామయ్యా, పెద్దది దూరిపోయే చోట చిన్నది ఎందుకు ఆగిపోతుంది?" ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు పోయిన వారం ఫోన్‌లో అడిగాడు. వాడి ప్రాజెక్టు సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయెల్ సెల్ మీద. హైడ్రోజన్‌ని మంట లేకుండా ఆక్సిజన్‌తో కలిపి కరెంటు తీసే పింగాణీ పలక అది, 700 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. మిగతా సంగతులు పుస్తకాల్లో దొరుకుతాయి. నన్ను పట్టుకుంది వాడి ప్రశ్నే.

గాలి తగిలే వైపు ఎలక్ట్రోడ్‌లో లాంథనం, కోబాల్ట్, ఇనుముతో పాటు స్ట్రాన్షియం అనే లోహం ఉంటుంది. దాని కింద ఎలక్ట్రోలైట్‌గా, అంటే ఆక్సిజన్ అయాన్లు (ఆవేశం ఉన్న అణువులు) నడిచే పొరగా, ఇట్రియం కలిపిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్). రెండూ నేరుగా తగిలితే స్ట్రాన్షియం కిందికి దిగి, జిర్కోనియాతో కలిసి స్ట్రాన్షియం జిర్కొనేట్ అయి కూర్చుంటుంది. అందులోంచి ఆక్సిజన్ అయాన్లు నడవలేవు, కరెంటు పడిపోతుంది. అందుకని మధ్యలో గడోలినియం కలిపిన సీరియాతో (సీరియం ఆక్సైడ్) ఒక అడ్డుపొర వేస్తారు. ఆక్సిజన్ దాన్ని దాటాలి, స్ట్రాన్షియం దాటకూడదు. తీరా చూస్తే ఆక్సిజన్ అయాన్ వ్యాసార్థం సుమారు 0.14 నానోమీటర్లు, స్ట్రాన్షియం అయాన్‌ది 0.12 దగ్గర!

పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి పొరకి జల్లెడ బొమ్మ గీస్తారు. పిల్లల్ని తికమక పెట్టేది ఆ బొమ్మే. జల్లెడ వదిలేసి ఆర్టీసీ బస్సుని తలుచుకోమన్నాను.

సీరియా స్ఫటికం రెండు రకాల రిజర్వు సీట్లున్న బస్సు. కొన్ని లోహాలవి, కొన్ని ఆక్సిజన్‌వి. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చోలేరు, ఆవేశాలు ఒప్పుకోవు. సీరియం అయాన్‌కి నాలుగు ప్లస్‌లు, గడోలినియంకి మూడే. రెండు గడోలినియంలు ఎక్కితే లెక్క సరిపోవడానికి ఒక ఆక్సిజన్ దిగిపోవాలి. నూరు లోహపు సీట్లలో 20 గడోలినియంకి ఇస్తే, ఆక్సిజన్ సీట్లలో ప్రతి 20కి ఒకటి ఖాళీ. పక్క సీటు ఖాళీ అయిన ఆక్సిజన్ అందులోకి జరుగుతుంది, అది వదిలిన సీట్లోకి వెనకది వస్తుంది. వేడి అంటే గతుకుల రోడ్డు. ఆ కుదుపే వాటిని జరుపుతుంది. లోహాల వైపు సీట్లు దాదాపు అన్నీ నిండే ఉంటాయి. స్ట్రాన్షియం ఎంత సన్నగా ఉంటే ఏం, కూర్చోవడానికి చోటేదీ?

"అయితే గడోలినియం ఇంకా ఎక్కిద్దాం" అన్నాడు. ఖాళీలు పెరుగుతాయి, నిజమే. కానీ గడోలినియం తన పక్క ఖాళీ మీద కర్చీఫ్ వేసి ఉంచుతుంది. 20 శాతం దాటాక కర్చీఫ్‌లు ఎక్కువై అయాన్ల నడక తగ్గుతుంది.

బస్సులో సీట్ల వరసల మధ్య దారి కూడా ఉంటుందిగా. పొర మొత్తం ఒకే స్ఫటికం కాదు, లెక్కలేనన్ని చిన్న రేణువులు. రేణువుకీ రేణువుకీ మధ్య అణువుల వరస చెదిరి ఉంటుంది. సీటు దొరకని స్ట్రాన్షియం ఆ దారిలో నిలబడి ముందుకు తోసుకుంటుంది. ఇక పొరలో రంధ్రాలుంటే తలుపు బార్లా తెరిచినట్టే.

మామూలుగా ఈ పొరని స్క్రీన్ ప్రింటింగ్‌తో కొన్ని మైక్రాన్ల మందాన వేసి కాలుస్తారు. సీరియా రంధ్రాల్లేకుండా గట్టిపడాలంటే 1400 డిగ్రీల దాకా కావాలి. 1300 దాటితే సీరియా, జిర్కోనియా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఆ మిశ్రమంలో అయాన్లు నెమ్మదిస్తాయి. కాల్పు తగ్గిస్తే రంధ్రాలు మిగులుతాయి. పైన ఎలక్ట్రోడ్ అతికించడానికి మళ్లీ వెయ్యి డిగ్రీలు దాటించాలి. స్ట్రాన్షియం ఎక్కువగా జారుకునేది ఆ కాల్పులోనే, సెల్ ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వకముందే.

పలుచటి ఫిల్ముకి విలువ ఇక్కడే. శూన్యంలో సీరియాని అణువులుగా ఊడగొట్టి జిర్కోనియా మీద పేర్చే స్పటరింగ్ పద్ధతిలో అంత కాల్పు అక్కర్లేదు. అర మైక్రాన్ మందాన కూడా పొర దట్టంగా వస్తుంది. వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, పోల్చుకోండి. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో 2007లో వెలిగించిన ఒక స్టాక్‌ని (ఒకదాని మీద ఒకటి పేర్చిన సెల్స్ దొంతర) 2019లో ఆపారు, లక్ష గంటలు దాటాక. అన్నేళ్లు నిలవాలంటే గంటకి ఇంత అని జారే స్ట్రాన్షియంని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అయితే ఈ ఫిల్ములో రేణువులు నిలువు స్తంభాల్లా పెరుగుతాయి. వాటి మధ్య దారులు పైనుంచి కిందికి తిన్నగా దిగుతాయి. సెల్‌ని అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే సీరియా తెల్లటి గీతలా మెరుస్తుంది. దాని అడుగున, సరిగ్గా ఆ దారులు ముగిసే చోట, బూడిద రంగు చుక్కలు. అవి స్ట్రాన్షియం జిర్కొనేట్.