థైరాయిడ్ నార్మల్ వచ్చింది, మరి పిల్లాడి మెడ ఎందుకు నల్లబడింది?

నిన్న ఓపీలో ఒక తల్లి ఫైలు తెరిచి మూడు థైరాయిడ్ రిపోర్టులు వరసగా టేబుల్ మీద పెట్టింది. బాబుకి పదకొండేళ్లు, 58 కిలోలు. మూడు రిపోర్టులూ నార్మలే. "అందరూ హార్మోన్ ప్రాబ్లమ్ అంటున్నారు మేడం, టెస్టులో మాత్రం ఏం దొరకట్లేదు" అంది. పక్కనున్న నాయనమ్మ "మెడంతా మురికి పట్టింది, శెనగపిండి పెట్టి రోజూ రుద్దుతున్నా, పోతలేదు" అంది. ఈ రెండు మాటలూ వారానికి నాలుగైదు సార్లు వింటాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లలు లావైతే థైరాయిడే కారణం, అది నార్మల్ అయితే భయం లేదు.

వాస్తవం: థైరాయిడ్ తగ్గిన పిల్లల్లో ముందుగా దెబ్బతినేది ఎత్తు. తోటి పిల్లల కంటే పొట్టిగా ఉండిపోతారు, ఏడాది కిందటి ప్యాంటే ఇప్పటికీ పొడవు సరిపోతుంది. తిండి, కదలిక, నిద్ర, కుటుంబంలో వచ్చే తత్వం వల్ల లావైన పిల్లలు చాలావరకు వయసుకి మించి ఎత్తుగానే ఉంటారు. నిన్నటి బాబు వాళ్ల క్లాసులో అందరికంటే పొడుగట, అది ఒక్కటి చూస్తే సగం సంగతి తెలిసిపోయేది, మూడుసార్లు సూది గుచ్చాల్సిన పని లేదు. ఇంకోటి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) 6, 7 వచ్చిందని మాత్రలు మొదలుపెట్టిన పిల్లలు కూడా నా దగ్గరికి వస్తుంటారు. లావు వల్లే టీఎస్‌హెచ్ కొంచెం పెరుగుతుంది, థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోన్ మామూలుగా ఉంటే బరువు తగ్గేకొద్దీ చాలామందిలో అదే దిగుతుంది. అలాగని వేస్తున్న మాత్ర మీ అంతట మీరు ఆపకండి, రిపోర్టులు పట్టుకుని డాక్టర్‌ని అడగండి.

ఇక ఆ మెడ. దయచేసి రుద్దకండి. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ చాలా ఎక్కువగా ఉన్నప్పుడు చర్మకణాలు మామూలు కంటే ఎక్కువగా పెరిగి మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా తయారవుతుంది. శరీరం ఇన్సులిన్ మాట వినడం మానేసింది, అందుకని క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పోస్తోంది అని అర్థం. "షుగర్ నార్మలే వచ్చింది కదా మేడం" అంటారు. అవును, క్లోమం రెట్టింపు పని చేసి దాన్ని నార్మల్‌గా నిలబెడుతోంది, కొన్నేళ్లు అలా నెట్టుకొస్తుంది. ఆ కొన్నేళ్లే మన చేతిలో ఉన్న టైము. ఆ టైము థైరాయిడ్ టెస్టులకీ, నలుగుకీ పోతోంది.

మా చిన్నాన్న కూతురు ఒకామె ఉంది. ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్లమ్మ నిమ్మచెక్కతో మెడ రుద్ది రుద్ది చర్మం ఊడి పుండు పడింది. స్కూల్లో పిల్లలు ఏడిపిస్తున్నారని చున్నీ తీసేది కాదు. నేనప్పుడు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం, పండక్కి వెళ్లినప్పుడు చూశాను, నాకూ తెలియలేదు. పంతొమ్మిదేళ్లకి ఆమెకి షుగర్ బయటపడింది. ఇప్పటికీ ఓపీలోకి ఏ పిల్ల చున్నీ మెడకి చుట్టుకుని వచ్చినా నా చూపు ముందు అక్కడికే పోతుంది.

అపోహ: తిండిపోతు, నోరు కట్టుకోడు, రాత్రి అన్నం మానిపిస్తే దారికొస్తాడు.

వాస్తవం: ఆకలిని నడిపేవి కూడా హార్మోన్లే, అవి ఉండేది మెడలో కాదు, కడుపులో, పేగుల్లో. ఖాళీ కడుపు గ్రెలిన్ వదులుతుంది, ఆకలేస్తుంది. తిన్నది పేగుల్లో కిందికి దిగేకొద్దీ జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు విడుదలై "ఇక చాలు" అని మెదడుకి చెబుతాయి. ఈ కబురు పూర్తిగా అందడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. లావైన పిల్లల్లో చాలామందికి తిన్న తర్వాత గ్రెలిన్ దిగాల్సినంత దిగదు, అంటే నిజంగానే వాడికి ఇంకా ఆకలిగా ఉంటుంది, మీరేమో తిడుతున్నారు. రాత్రి అన్నం ఆపితే గ్రెలిన్ పెరుగుతుంది, పదకొండింటికి లేచి బిస్కెట్ డబ్బా వెతుక్కుంటాడు. అది దొంగతనం కాదు. ఆ మాట నిన్న ఆ బాబు ముందే చెప్పాను, తల దించుకుని కూర్చున్నవాడు అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు.

మరి ఏం చేయాలి? జ్యూసు, మైదా బిస్కెట్లు పేగు మొదట్లోనే గబుక్కున కరిగి రక్తంలోకి పోతాయి, పేగు కింది భాగంలో ఈ "ఇక చాలు" హార్మోన్లు వదిలే కణాలకి అందేది తక్కువ. పప్పు, గుడ్డు, కూర, పెరుగు ముందు తిని అన్నం తర్వాత తింటే జీఎల్‌పీ-1 బాగా వస్తుంది, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. పళ్లెంలో ముందు కూర, పప్పు పెట్టండి, రెండోసారి వడ్డించే ముందు కాసేపు ఆగండి, ఇంట్లో అందరూ అలాగే తినండి, వాడొక్కడికే వేరే పళ్లెం వద్దు. నిద్ర కూడా ఇందులో భాగమే. ట్యూషన్ నుంచి తొమ్మిదింటికి వచ్చి పన్నెండు దాకా ఫోన్ చూసే పిల్లాడికి మర్నాడు ఆకలి ఎక్కువే వేస్తుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి.

మిగతావి గబగబా. "పెద్దయ్యాక అదే తగ్గుతుంది": చాలామందిలో తగ్గదు, పదేళ్లు దాటాక మరీ కష్టం. "తేనె, బెల్లం పర్లేదు": శరీరానికి అవీ చక్కెరే. "సన్నబడే ఇంజెక్షన్ రాయండి": సెమాగ్లూటైడ్ ఈ జీఎల్‌పీ-1 లాగే పనిచేస్తుంది, అమెరికాలో 2022లో పన్నెండేళ్లు నిండిన ఊబకాయం పిల్లలకి అనుమతి ఇచ్చారు, అదీ తిండి, ఆటలతో పాటు, డాక్టర్ పర్యవేక్షణలోనే. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. రీల్ చూసి మెడికల్ షాపులో అడిగే మందు కాదు.

టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులకి ఒక చిన్న కొలత: టేపుతో నడుము కొలవండి, ఎత్తులో సగం దాటినా, మెడ నల్లబడినా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, కాలేయానికి ఎస్‌జీపీటీ, బీపీ చూస్తారు. బరువు దిగి ఇన్సులిన్ తగ్గితే మెడ నలుపు కూడా మెల్లగా తగ్గుతుంది, నెలలు పడుతుంది. వెళ్లేటప్పుడు పిల్లల ఎత్తు పాత లెక్కలు పట్టుకెళ్లండి, స్కూల్ హెల్త్ కార్డు అయినా సరే, ఇంట్లో తలుపు పక్కన గోడ మీద గీసిన పెన్సిల్ గీతలైనా సరే, ఫోటో తీసుకుని వెళ్లండి.