చివరి వరస నుంచి వ్యాఖ్యాన పీఠానికి: కరుణ్ చందోక్ ప్రయాణం వెనుక చరిత్ర

ఫార్ములా వన్ రేసులను ఆంగ్ల వ్యాఖ్యానంతో చూసేవారికి కరుణ్ చందోక్ గొంతు బాగా పరిచయం. 2019 నుంచి బ్రిటన్‌లోని స్కై స్పోర్ట్స్ ప్రసారాల్లో పనిచేస్తున్న ఈ చెన్నై వాసి, ఒకే మలుపును ఇద్దరు డ్రైవర్లు తీసుకున్న తీరును తెరమీద పక్కపక్కన ఆపి, ఎవరు ముందుగా బ్రేకు వేశారో, సెకనులో పదోవంతు ఎక్కడ జారిపోయిందో వేలుపెట్టి చూపిస్తారు. ఆయన స్వయంగా 11 ఫార్ములా వన్ రేసులు నడిపారన్న సంగతి కొత్త ప్రేక్షకులలో చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కొందరు, ఆ 11 రేసుల్లో ఒక్క పాయింటూ రాలేదు గనుక, ప్రపంచ విజేతల తప్పొప్పులు ఎంచే అర్హత ఆయనకెక్కడిదని అడుగుతుంటారు. ఆయన పందెం జీవితం ఎలా మొదలై ఎలా ఆగిందో, మాజీ డ్రైవరును మైకు ముందు కూర్చోబెట్టే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా ఈ ప్రశ్నకు న్యాయమైన జవాబు చెప్పడం కుదరదు.

కరుణ్ 1984 జనవరి 19న చెన్నైలో పుట్టారు. ఆ ఇంటికి మోటారు పందేలు మూడు తరాల వ్యాపకం. తాత ఇందు చందోక్ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ స్థాపకులలో ఒకరు. తండ్రి విక్కీ చందోక్ ర్యాలీ డ్రైవరుగా పేరు తెచ్చుకుని, తరువాత దేశంలో ఈ క్రీడను నడిపించే సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం విమానపు రన్‌వే మీద పందేలు నడిపించి, ఆ తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నది ఆ క్లబ్బే. మన దేశం నుంచి ఫార్ములా వన్ దాకా వెళ్ళిన ఇద్దరూ, అంటే 2005లో జోర్డాన్ జట్టుతో అడుగుపెట్టిన నారాయణ్ కార్తికేయన్, ఐదేళ్ళ తరువాత కరుణ్, తమిళనాడువారే కావడానికి ఈ పునాదే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

2001లో ఫార్ములా ఆసియా, 2006లో ఫార్ములా రెనో వి6 ఆసియా టైటిళ్ళు గెలిచిన కరుణ్, 2007లో ఫార్ములా వన్‌కు వెంటనే కింది మెట్టయిన జీపీ2 పోటీలకు చేరారు. ఆ ఏడాది బెల్జియంలోని స్పా ట్రాకులోనూ, మరుసటి ఏడాది జర్మనీలోని హాకెన్‌హైమ్‌లోనూ స్ప్రింట్ రేసులు, అంటే తక్కువ దూరపు పోటీలు, గెలిచారు. స్పా ట్రాకులో గెలుపు ఏ డ్రైవరుకూ ఊరికే రాదు. ఆయన్ను డబ్బున్న ఇంటి కుర్రాడిగా మాత్రమే చూసేవారు ఈ రెండు విజయాలను పక్కనపెట్టి మాట్లాడుతుంటారు.

2010లో ఫార్ములా వన్ తలుపు తెరుచుకున్న తీరును కొంచెం వివరంగా చెప్పాలి. జట్ల ఖర్చుకు నాలుగు కోట్ల పౌండ్ల పరిమితి పెడతామని అంతర్జాతీయ మోటారు క్రీడా సమాఖ్య 2009లో ప్రతిపాదించింది. ఆ మాట నమ్మి కొన్ని చిన్న సంస్థలు దరఖాస్తు చేశాయి. పెద్ద జట్లు ఎదురుతిరగడంతో పరిమితి అమలుకాలేదు కానీ, లోటస్, వర్జిన్, హిస్పానియా అనే మూడు కొత్త జట్లు మాత్రం గ్రిడ్ మీద, అంటే కార్లు రేసు మొదలుపెట్టే వరసల్లో, మిగిలాయి. వాటిలో హిస్పానియా పరిస్థితి అన్నిటికన్నా దయనీయం. కాంపోస్ పేరుతో మొదలై, డబ్బు చాలక, సీజను మొదలవబోతుండగా చేతులు మారిన ఆ జట్టు, మార్చి మొదటి వారంలో డ్రైవరు బ్రూనో సెన్నాకు జోడీగా కరుణ్ పేరు ప్రకటించింది. మార్చి 14న బహ్రెయిన్‌లో తొలి రేసు. ముందస్తు పరీక్షల్లో ఆ కారు ఒక్క కిలోమీటరూ తిరగలేదు. బహ్రెయిన్ గ్యారేజీలో మెకానిక్‌లు ఇంకా బిగిస్తూనే ఉండడంతో, కరుణ్ ఆ కారును మొట్టమొదట నడిపింది నేరుగా, రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లోనే. మర్నాడు రేసు రెండో ల్యాప్‌లోనే ఆయన కారు ప్రమాదానికి గురై ఆగిపోయింది.

ఆ తరువాతి రెండు వారాలకు మెల్‌బోర్న్‌లో అదే కారును, విజేతకు ఐదు ల్యాప్‌లు వెనకబడి అయినా, చివరిదాకా తీసుకువెళ్ళి 14వ స్థానంలో నిలిపారు. రేసు ముగించడమే పరీక్షగా ఉన్న జట్టులో అది మెచ్చదగిన పని. మొనాకోలో ముగింపుకు చేరువలో ఉండగా, రాస్కాస్ మలుపు దగ్గర లోటస్ డ్రైవరు యార్నో ట్రుల్లీ కారు ఆయన కారుమీదికి ఎక్కి, తలకు అతి దగ్గరగా దాటిపోయింది. డ్రైవరు తలకు రక్షణగా హేలో చట్రం తప్పనిసరి అయ్యింది ఆ తరువాత ఎనిమిదేళ్ళకు, 2018లో. సిల్వర్‌స్టోన్‌లో పదో రేసు పూర్తయ్యాక కరుణ్ సీటు మరో డ్రైవరు సాకోన్ యమమోతోకు వెళ్ళిపోయింది.

2011లో లోటస్ జట్టు ఆయన్ను రిజర్వు డ్రైవరుగా తీసుకుంది. జర్మనీ రేసులో అదే ట్రుల్లీ బదులు కారెక్కి 20వ స్థానంలో ముగించారు. అదే ఆయన చివరి ఫార్ములా వన్ రేసు. అదే ఏడాది అక్టోబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాకులో దేశపు తొలి గ్రాండ్ ప్రి జరిగింది. తండ్రి ఆ క్రీడా సమాఖ్యకు పెద్ద, కొడుకు గ్రిడ్ మీదున్న ఒక జట్టులో డ్రైవరు. అయినా శుక్రవారం తొలి ప్రాక్టీసులో నడిపాక, ఆదివారం రేసులో ఆయనకు చోటు దక్కలేదు. సొంత గడ్డమీద రేసు చూస్తూ నిలబడవలసి రావడం ఏ క్రీడాకారుడికైనా మాసిపోని గాయం. ఆ రోజు భారతీయుడిగా పోటీపడింది హిస్పానియా కారులో కార్తికేయన్ ఒక్కరే.

ఆ తరువాత ఆయన ఇతర దారులు వెతుక్కున్నారు. 2012లో, ఒకే కారును డ్రైవర్లు వంతులవారీగా నడిపే ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పోటీలో పాల్గొన్న తొలి భారతీయుడిగా, డేవిడ్ బ్రాబమ్, పీటర్ డంబ్రెక్‌లతో కలిసి ఆరో స్థానం సాధించారు. 2014లో విద్యుత్ కార్లతో ఫార్ములా ఈ మొదలైనప్పుడు మహీంద్రా జట్టు తొలి డ్రైవర్లలో ఒకరయ్యారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున హైదరాబాదు వీధుల్లో జరిగింది ఆ పోటీ పరంపరలోని రేసే.

ఇక మైకు సంగతి. 1976 ప్రపంచ విజేత జేమ్స్ హంట్ 1979లో మొనాకో రేసు తరువాత డ్రైవింగ్ మానేసి, మరుసటి ఏడాదినుంచి బీబీసీలో ముర్రే వాకర్ పక్కన కూర్చున్నారు. వాకర్ ఉద్వేగంతో రేసును వర్ణిస్తుంటే, హంట్ నింపాదిగా, ఎవరినీ వెనకేసుకురాకుండా తీర్పు చెప్పేవారు. 1993 జూన్‌లో కెనడా రేసుకు వ్యాఖ్యానం చెప్పిన రెండు రోజులకే, 45వ ఏట హంట్ మరణించారు. వర్ణించేవాడొకడు, విడమరిచేవాడొకడు అన్న పని విభజన మాత్రం ఆ జంట తరువాత కూడా నిలిచిపోయింది. మాజీ ఆటగాళ్ళ నోట తెలుగులో క్రికెట్ వ్యాఖ్యానం వినే మనకు ఈ పద్ధతి కొత్త కాదు.

అయితే ఆ రెండో కుర్చీకి టైటిల్ అవసరం లేదని రుజువు చేసింది మార్టిన్ బ్రండిల్. 158 రేసులు నడిపి, తొమ్మిదిసార్లు తొలి మూడు స్థానాలవారు నిలబడే పోడియం ఎక్కి, ఒక్కటీ గెలవని ఆయన, 1997లో బ్రిటన్ టీవీ చానల్ ఐటీవీ ద్వారా వ్యాఖ్యానంలోకి వచ్చి, రేసుకు ముందు కార్ల మధ్య నడుస్తూ మాట్లాడే గ్రిడ్ వాక్‌ను స్థిరపరిచారు. గెలవని డ్రైవరుకు గెలిచేవాడిలో ఉన్నదీ తనలో లేనిదీ ఏమిటో కొలిచిచూసే అలవాటు ఏళ్ళ తరబడి పట్టుబడుతుంది. చిన్న జట్టులో చాలని డబ్బుతో, నిలవని టైరుతో, తెల్లవారుజామున రెండింటికి కూడా పూర్తికాని కారుతో పనిచేసినవాడికి జట్టులోని ప్రతి మనిషి పనీ తెలిసివస్తుంది.

కరుణ్ నిలబడింది ఈ పరంపరలోనే. బీబీసీ రేడియోలో అనుభవం సంపాదించి, 2016లో చానల్ 4 ప్రసార బృందంలో చేరి, అక్కడినుంచి స్కైకి వెళ్ళారు. చిన్ననాటినుంచి ఆయన పోగుచేసుకున్న రేసు చరిత్ర జ్ఞానం దీనికి తోడయింది. విలియమ్స్ జట్టు దాచుకున్న పాత కార్లను ప్రదర్శనల్లో నడిపే పని కూడా ఆయన చేస్తుంటారు. నైజెల్ మాన్సెల్‌కు 1992 టైటిల్ తెచ్చిపెట్టిన ఎఫ్‌డబ్ల్యూ14బి వాటిలో ఒకటి. కాబట్టి ఆనాటి కారునూ ఈనాటి కారునూ పోల్చి చెప్పేటప్పుడు ఆయన మాట కాగితం చదివి చెప్పినట్టు ఉండదు.

2010లో వచ్చిన ఆ మూడు జట్లూ 2016 ముగిసి కొన్ని వారాలు గడిచేసరికి మూతపడ్డాయి. బుద్ధ్ ట్రాకులో గ్రాండ్ ప్రి, అది క్రీడా, లేక వినోదమా అన్న పన్ను వివాదాల మధ్య 2013తో ఆగిపోయింది. 2012లో కార్తికేయన్ దిగిపోయాక భారతీయ డ్రైవరెవరూ ఫార్ములా వన్ రేసు నడపలేదు. జీపీ2 వారసత్వంగా వచ్చిన ఫార్ములా 2లో జెహాన్ దారువాలా, కుష్ మైనీ వంటివారు రేసులు గెలిచినా, పైమెట్టు సీటు అందలేదు. ఫార్ములా 2 రేసులు కూడా జరిగే వారాంతాల్లో, జట్ల గ్యారేజీల ముందుండే అదే పిట్ లేన్‌లో, చేతిలో మైకుతో కరుణ్ ఉంటున్నారు.