సర్వే చదువు: మా ఆఫీసు బెంచీ మీద వినిపించే అపోహలు

పాలిసెట్ ఫలితాలు వచ్చాయంటే గుంటూరులో మా సర్వే ఆఫీసు ముందు బెంచీ ఖాళీగా ఉండదు. పొలం కొలతల కోసం వచ్చినవాళ్లే పనిలో పనిగా ‘‘మావాణ్ని సివిల్ డిప్లొమాలో చేర్చమంటారా?’’ అని అడుగుతారు. ఆ వెంటనే ఎక్కడో విన్న మాటలన్నీ బయటికొస్తాయి. అప్పుడప్పుడూ పాలిటెక్నిక్‌లో క్లాసులు చెబుతాను కాబట్టి అవే మాటలు అక్కడ పిల్లల నోటా వింటుంటాను.

అపోహ: డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహాల సాయంతో చోటు చెప్పే పరికరాలు) వచ్చేశాయి, ఇక సర్వే నేర్చుకోవడం దండగ.

2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి ఈ మాట ఎక్కువైంది. డ్రోన్ పైనుంచి ఫొటోలు తీస్తుంది, నిజమే. మామిడి తోట మీదుగా ఎగిరితే దానికి కనిపించేది ఆకులే, కింద ఉన్న గట్టు కాదు. ఆ ఫొటోలు నేల మీద సరిగ్గా కూర్చోవాలంటే ముందే కంట్రోల్ పాయింట్లనే గుర్తులు పెట్టి కొలిచిన మనిషి ఒకడుండాలి. రోవర్ ఆకాశం బాగా కనిపించే చోట రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో చెబుతుంది. చెట్ల కిందకో, రెండు మేడల మధ్యకో వెళ్తే తడబడుతుంది. తెర మీద ‘ఫిక్స్’ (కొలత కుదిరింది) అని పడకముందే బటన్ నొక్కేసే కుర్రాళ్లను ఎంతమందిని చూశానో.

వాళ్లదాకా ఎందుకు, నా సంగతే చెబుతాను. పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కాలనీ డ్రెయిన్ కోసం టోటల్ స్టేషన్ అనే కోణాలు, దూరాలు కొలిచే మిషన్‌తో లెవెల్స్ (నేల ఎత్తులు) తీస్తున్నాం. మధ్యలో కంప అడ్డొస్తే ప్రిజమ్ రాడ్‌ను (మిషన్ గురిపెట్టే అద్దం ఉన్న కర్రను) 1.3 మీటర్ల నుంచి 1.5కి పెంచారు. మిషన్‌లో ఆ అంకె మార్చాల్సింది నేను, మర్చిపోయాను. అక్కడి నుంచి ప్రతి పాయింటూ ఉన్నదానికంటే 20 సెంటీమీటర్లు ఎత్తుగా నమోదైంది. డ్రెయిన్ వాలు 500కి 1, అంటే 500 మీటర్లకు ఒక మీటరు దిగుడు. అంటే ఆ 20 సెంటీమీటర్లు వంద మీటర్ల వాలుకు సమానం! మిషన్ ఏమీ హెచ్చరించలేదు. అంకెలన్నీ మూడు దశాంశాలతో ముచ్చటగా కనిపించాయి. తప్పు పట్టించింది మూలన పడున్న ఆటో లెవెల్, ఎత్తుల తేడా చూసే మామూలు దుర్భిణి పరికరం. ఒక బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గర మొదలుపెట్టి, ఇంకో బెంచ్‌మార్క్ మీద ముగించి సరిచూసుకోవడం డిప్లొమాలో విసుగొచ్చేదాకా చేయించారు. ఆ అలవాటు కొద్దీ చూశాను కాబట్టి కాంక్రీటు పడకముందే బయటపడ్డాం. మిషన్ నడపడం నాలుగు రోజుల్లో వస్తుంది. అది చెప్పే అంకెను అనుమానించడానికే ఈ మూడేళ్ల చదువు.

అపోహ: ఫోన్‌లో యాప్ ఉందిగా, స్థలం మనమే కొలుచుకోవచ్చు.

33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు ఉన్న స్థలం సరిగ్గా 5 సెంట్లు. ఆరుబయట కూడా ఫోన్ మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపించడం మామూలే. మూడు మీటర్లంటే దాదాపు పది అడుగులు. 33 అడుగుల వెడల్పులో పది అడుగులు అటూ ఇటూ అయితే పక్కింటివాళ్ల వంటగది కూడా మనదే అవుతుంది.

ఆ 66 అడుగుల లెక్క ఊరికే రాలేదు. 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితవేత్త తెచ్చిన గొలుసు పొడవది. (ఏటా ఒక్కడైనా ‘మన గుంటూరు గొలుసే కదా సార్’ అంటాడు. కాదురా అబ్బాయ్!) గొలుసుకు వంద లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, లక్ష అయితే ఎకరం. మన పాత ఎఫ్‌ఎంబీల్లో (పొలాల కొలతల పటాల్లో) కొలతలు ఈ లింకుల్లోనే ఉంటాయి. ‘చైన్ సర్వే ఇంకా సిలబస్‌లో ఎందుకు’ అని విసుక్కున్న పిల్లలే రేపు ఆ కాగితం ముందు తెల్లమొహం వేస్తారు.

ఇంకొకటి పెద్దవాళ్లలో బలంగా ఉంది: సర్వేయర్ రాయి పాతితే స్థలం మనదైపోయినట్టే అని. రికార్డు ప్రకారం హద్దు ఎక్కడొస్తుందో చూపించడం వరకే మా పని. ఆ స్థలం ఎవరిదన్న తగాదా తేల్చాల్సింది కోర్టు. దస్తావేజులో 5 సెంట్లుండి నేల మీద 4.6 తేలితే నేను 4.6 అనే రాస్తాను. ‘ఆ కాస్త సర్దండి గురువుగారూ’ అని కాఫీ తెప్పించినవాళ్లున్నారు. కాఫీ తాగాను, సర్దలేదు.

డిప్లొమాతో చదువు ఆగిపోతుందనేది కూడా తప్పు. ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అలా వెళ్లినవాళ్లకు సర్వే ల్యాబ్ నల్లేరు మీద నడకే. ఆడపిల్లలకు ఈ పని కష్టమంటారు. బెజవాడ మే ఎండ అందరికీ ఒకటే. అందుకే తెల్లారగట్ల మొదలుపెడతాం. పైగా మధ్యాహ్నం వేడికి స్టాఫ్ (ఎత్తు చదివే కొలత కర్ర) మీద అంకెలు అలల్లా కదిలి రీడింగ్ కూడా సరిగ్గా రాదు. ఉద్యోగాల విషయానికొస్తే, 2019లో గ్రామ సచివాలయాలకు ఒకేసారి వేల పోస్టులు పడటంతో సర్వే చదువంటే ప్రభుత్వ ఉద్యోగమే అనుకుంటున్నారు. అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. మా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది రోడ్లు, రైల్వే, లేఅవుట్ పనుల్లోనే ఉన్నారు.

అపోహ: కాలేజీ ఏదైనా సర్టిఫికెట్ ఒకటేగా.

సర్టిఫికెట్ ఒకటే, చేతులు వేరు. చేర్చే ముందు సర్వే ల్యాబ్ బీరువా తెరిపించండి. ఒక్కో లెవెల్‌కు ఎంతమంది పిల్లలో అడగండి. ఆ తర్వాత సీనియర్ల ఫీల్డ్ బుక్కులు నాలుగు తిప్పి చూడండి. ఫీల్డ్‌లో అంకె తప్పితే రబ్బరుతో చెరపకూడదు, కొట్టేసి పక్కన రాయాలి. కొట్టివేతలు, చెమట మరకలు ఉంటే మంచిదే. ఒక్క కొట్టివేతా లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలే ఉన్నాయంటే వాటిని హాస్టల్లో ఫ్యాను కింద రాశారన్నమాట.